చిన్నాకి, ఫ్రాటర్నిటీ విషయం

చిన్నా,

మనబడిలో నేర్చుకున్న తెలుగు గుర్తుందనే రాస్తున్నాను, నెమ్మదిగా చదువు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. పెరట్లో గోంగూర ఏపుగా పెరిగింది.

మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పరీక్షలేమో అనుకున్నాం. నిన్న గుళ్లో శ్రావ్య వాళ్లమ్మ, "మీవాడు ఫ్రాటర్నిటీలో చేరుతున్నాడటగా" అంది. కాలేజీ కుర్రాళ్లు అన్నదమ్ముల్లా కలిసుండే సంఘమట అది. నాకు కోపం లేదు. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు అన్నదమ్ముల్లాంటి తోడు కావాలనిపిస్తుంది. మనవాళ్ల ఫ్రాటర్నిటీ డెల్టా ఎప్సిలాన్ సై 1998లో మీ ఆస్టిన్‌లోనే మొదలైందట. నువ్వు చేరేది ఏదో కూడా నాకు తెలియదు.

రాత్రి కూర్చుని చదివాను. చేరేటప్పుడు ఒక ఫీజు, తర్వాత ప్రతి సెమిస్టర్‌కీ డ్యూస్, అంటే సభ్యుల చందా. టీషర్టులు, ఫార్మల్ పార్టీకి సూటు వేరే. చాలాచోట్ల మీటింగ్‌కి రాకపోతే ఫైన్ కూడానట. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ముందే అడుగు, కాగితం మీద చూపించమను. ప్లెడ్జింగ్ వారాల్లో, అంటే పూర్తి సభ్యుడిగా తీసుకునే ముందు వారాల్లో, రోజుకి రెండు గంటలు పోయినా వారానికి పద్నాలుగు గంటలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎప్పుడు చదువుతావు? చెవి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్లావా?

నేను హాస్టల్లో ఉన్నప్పుడు మాకూ ఒక బ్యాచ్ ఉండేది. ఎవడి పుట్టినరోజొచ్చినా అందరూ చందా వేయాలి. లేదంటే పిసినారి అనేవాళ్లు. సెకండ్ ఇయర్లో నా దగ్గర డబ్బుల్లేక ఇంజనీరింగ్ డ్రాయింగ్ గీసే మినీ డ్రాఫ్టర్ జూనియర్‌కి అమ్మేశాను. తాతయ్య అప్పు చేసి కొన్నది. సరిగ్గా ఆ సాయంత్రమే ఆయన మెస్ బిల్లు డబ్బు పంచె మడతలో కట్టుకుని, నాయనమ్మ ఇచ్చిన కందిపొడి సీసా పట్టుకుని వచ్చారు. నేను పార్టీలో ఉన్నాను. రాత్రి పదకొండింటికి వచ్చేసరికి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. భోజనం చేశారా అని కూడా నేను అడగలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, "డ్రాఫ్టర్ బాగా పనిచేస్తోందా?" అన్నారు. పనిచేస్తోందన్నాను. ఆఖరి బస్సు వెళ్లిపోయింది, బస్టాండులోనే పడుకున్నారట. పెద్దత్త పెళ్లప్పుడు తెలిసింది. ఆ బ్యాచ్‌లో ఇప్పుడు నాతో మాట్లాడేది రమణ ఒక్కడే.

ఇంకొకటి. 2017లో పెన్ స్టేట్‌లో తిమొతీ పియాజా అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడిని ఫ్రాటర్నిటీలో చేరిన రాత్రే విపరీతంగా తాగించారు. మెట్ల మీంచి పడ్డాడు. గంటల తరబడి ఎవరూ అంబులెన్స్‌ని పిలవలేదు. పిల్లవాడు దక్కలేదు. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. ఎవరైనా బలవంతంగా తాగమంటే లేచి వచ్చెయ్, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్. డ్యూస్ ఎంత కట్టేసినా సరే, ఆ డబ్బు గురించి నేను అడగను.

మళ్లీ లెక్చర్ అయిపోయింది. శనివారం కారులో వస్తున్నాను. కందిపొడి, గోంగూర పచ్చడి, నీ దుప్పటి తెస్తాను. ఎన్నింటికి రూమ్‌లో ఉంటావో మెసేజ్ పెట్టు. లేటయినా పర్లేదు, కిందే కూర్చుంటాను.

నాన్న