గడిలో పట్టని మాటలు

సంపాదకులకు నమస్కారం.

కొత్త సంవత్సరం వచ్చిందంటే చాలు, డైరీ రాస్తే ఒత్తిడి తగ్గుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, తెల్లవారుజామునే లేచి మూడు పేజీలు రాయండి అంటూ పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. మీ ఆదివారం అనుబంధంలోనూ వచ్చింది. మా వదిన అది చదివి, "ఇది మనవల్ల అయ్యే పనా" అని పేపరు మడిచి పక్కన పడేసింది. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. నావల్ల అయింది. కాకపోతే మీ వ్యాసం చెప్పిన దారిలో కాదు.

నేను ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఎక్కువ కాలం కిన్నెరసాని అవతలి గూడేల్లో డ్యూటీ. మా ఉద్యోగంలో సూది కన్నా పెన్నే ఎక్కువ పట్టుకోవాలి. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, జనన మరణాలు, మందుల స్టాకు, నెలవారీ రిపోర్టు. చివరి రోజుల్లో ట్యాబ్ కూడా వచ్చింది. పుస్తకంలో రాసిందే మళ్లీ అందులో కొట్టాలి. ఇంత రాసినా నా మాటంటూ అందులో ఒక్కటీ లేదు. అంకెలు, తేదీలు, టిక్కులు.

రిటైరయ్యాక పిల్లలు ఫోన్‌లో "ఇవాళ ఏం చేశావమ్మా" అని అడిగితే "ఏముంది, మామూలే" అనేదాన్ని. రోజూ అదే జవాబు. చివరికి నాకే విసుగొచ్చింది. రోజుకో ఊరు తిరిగిన మనిషికి చెప్పుకోవడానికి ఒక్క ముక్క దొరక్కపోవడం ఏమిటి? కిరాణా కొట్లో లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. రాత్రి పాలు తోడుపెట్టాక పది నిమిషాలు రాయాలని పెట్టుకున్నాను.

మొదట్లో రాసినవి ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. "ఈ రోజు విశేషమేమీ లేదు." కింద తేదీ వేసి సంతకం కూడా పెట్టేదాన్ని, ఉద్యోగం అలవాటు కొద్దీ! అయినా మానలేదు. అది నా పట్టుదలేమీ కాదు, పీహెచ్‌సీలో టీకాల ఫ్రిజ్ నేర్పిన పాఠం. దాని లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి పుస్తకంలో ఎక్కించాలి. ఆదివారమైనా అంతే, సంక్రాంతైనా అంతే. రాయబుద్ధి అయినప్పుడు రాద్దాంలే అంటే కుదరదు. మామూలుగా 4 డిగ్రీలే ఉంటుంది, మామూలుగా 4 అనే రాస్తాం. ఎప్పుడో ఒకనాడు కరెంటు పోయి 11 చూపిస్తుంది. ఆ ఒక్క పూట కోసమే మిగతా పూటలన్నీ రాసేది. నా నోటుబుక్కునూ అలాగే చూసుకున్నాను.

11 చూపించిన రోజు నాకూ వచ్చింది. మార్కెట్లో పండుమిర్చి కుప్ప చూసొచ్చి, రాత్రి ధర రాద్దామని కూర్చుంటే ఒక గూడెం ముసలమ్మ గుర్తొచ్చింది. మనవరాలికి డీపీటీ టీకా వేయనివ్వలేదు ఆమె. నులకమంచం మీద కూర్చుని పిల్లను కొంగు కింద దాచుకుంది. ఇలా వద్దన్నవాళ్ల కోసం రిజిస్టరులో "కారణం" అని ఒక గడి ఉంటుంది, బొటనవేలంత. అందులో "జ్వరం భయం" అని రాశాను. అందరికీ అదే రాసేవాళ్లం. అసలు సంగతి వాకిట్లో బియ్యం చెరుగుతున్న కోడలు తలెత్తకుండా చెప్పింది. మిర్చి ఏరే రోజులు. సూది వేస్తే రాత్రికి జ్వరం, రెండు రోజులు పిల్ల చంక దిగదు. తను పోకపోతే కూలీల ముఠాలో ఆ చోటు ఇంకొకరికి పోతుంది, మళ్లీ సీజనంతా పిలవరు. "జ్వరం గోలీ మీరిస్తరు, కూలి ఎవరిస్తరు సిస్టరమ్మా" అంది.

టీకాల రోజులు బుధవారం, శనివారం. ఆ గూడేనికి శనివారం వెళ్తుండేదాన్ని. వాళ్ల సంత గురువారం, ఆ రోజు ఎవరూ కూలికి పోరు. అందుకని బుధవారానికి మార్చుకుని, పొద్దుగూకే వేళ, ముఠా చేలనుంచి దిగాక వెళ్లడం మొదలుపెట్టాను. టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో ఐస్ ప్యాకులు అప్పటిదాకా కరగకుండా ఉండాలంటే ఊరికే మూత తీయకూడదు, నీడ వదలకూడదు. పిల్ల జ్వరం సంత రోజున పడేది. తల్లి ఇంట్లో ఉండేది.

ఇదంతా రాయడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు. నాకు బదిలీ అయితే ఆ సంగతీ నాతోపాటే బదిలీ అయిపోయింది. ఆ రాత్రి నా పది నిమిషాలు పన్నెండింటి దాకా సాగాయి. తర్వాత ఆ పేజీలు జిరాక్స్ తీయించి, ఇప్పుడక్కడ చేస్తున్న అమ్మాయికి ఇచ్చాను. చదివి ఫోన్ చేసింది. సంత రోజు మారిందట, ముఠా సంగతి మాత్రం ఇప్పటికీ అంతేనట.

ఇంట్లోనూ ఒకటి జరిగింది. పొలం గట్టు దగ్గర తమ్ముడికీ నాకూ మాటా మాటా వచ్చి రాకపోకలు తగ్గాయి. ఆ గొడవ రాద్దామని కూర్చున్నాను. వాడన్నవి వాడన్నట్టే రాయాలని నియమం పెట్టుకున్నాను. నేనన్నవి పొల్లుపోకుండా గుర్తున్నాయి. వాడివి రెండు మూడు తప్ప గుర్తుకు రావే! మిగతావి తెలుసుకోవడానికి వాడికే ఫోన్ చేశాను. చాన్నాళ్ల తర్వాత ఇద్దరం అరుచుకోకుండా మాట్లాడుకున్నది అప్పుడే. గట్టు తగాదా తీరలేదనుకోండి.

మా గ్రంథాలయంలో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర దొరికితే తెచ్చుకున్నాను. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారాయన. దారి ఎలాంటిది, నీళ్ల వసతి ఉందా, అంగళ్లున్నాయా, ఇవే ఎక్కువ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం ఆయనది. పొద్దస్తమానం ఒకరి మాటలు ఇంకొకరికి చేరవేయడం. మా ఏఎన్‌ఎంల పనీ ఇంచుమించు అదే కదా అనిపించి, ఆయన మీద ఏదో చుట్టరికం లాంటిది కలిగింది.

కాబట్టి మీ వ్యాసాలు రాసేవారికి నాదొక మనవి. "మనసులో ఉన్నది కాగితం మీద పెట్టండి" అంటే మా వదిన లాంటివాళ్లకు టెన్షన్. "ఇవాళ ఏం చూశారు, ఎవరేమన్నారు" అని అడగండి, చకచకా రాస్తారు. అంగన్‌వాడీ టీచర్లు, లైన్‌మెన్లు, కండక్టర్లు, వీళ్లందరూ రోజూ ఏదో ఒకటి నింపేవాళ్లే. గడిలో పట్టనిది వాళ్ల దగ్గర బోలెడు ఉంటుంది.

ఇంకొక మాట. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మా శాఖా గ్రంథాలయం ఉదయం, సాయంత్రం తెరుస్తారు. ఇంటి పనులు తెమిలి ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికే మధ్యాహ్నం మూసి ఉంటుంది. తెరిచినప్పుడు కూడా బల్లలన్నీ పేపర్లు చదివేవాళ్లవే. వారానికి రెండు మధ్యాహ్నాలు తలుపు తీసి, రాసుకునేవాళ్లకని ఒక బల్ల, ఒక ఫ్యాను ఇస్తే చాలు. మీ జిల్లా పేజీలో ఈ సంగతి వేస్తే సంబంధిత అధికారుల కంట పడుతుందని ఆశ. నోటుబుక్కులు మేమే తెచ్చుకుంటాం.

– ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, పాల్వంచ