వాడిన కాటమరాన్ కొనేముందు రీఫ్ తాళ్లు లాగి చూడాలి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో సెకండ్ హ్యాండ్ కాటమరాన్‌ల (పక్కపక్కనే రెండు హల్స్, అంటే రెండు పడవ దేహాలు ఉండే తెరచాప పడవల) గురించి వచ్చిన వ్యాసం పడగ్గదుల లెక్క దగ్గరే ఆగిపోయింది. (కాటమరాన్ అన్న పేరు తమిళుల కట్టుమరం నుంచి, అంటే మన తెప్ప నుంచి వెళ్లిందే. పోలిక మాత్రం అంతవరకే.) కరీబియన్‌లో చార్టర్‌కు, అంటే అద్దెకు తిరిగి అమ్మకానికొచ్చే లగూన్ 380 లాంటి పడవ పొడవు సుమారు 11.5 మీటర్లు, వెడల్పు 6.5 మీటర్లు. దాన్ని భార్యాభర్తలిద్దరే నడపాలంటే రాత్రిపూట ఒకరు నిద్రలో ఉండగా రెండోవారు ఒక్కరే తెరచాప తగ్గించగలగాలి. దాన్నే రీఫ్ చేయడం అంటారు.

మామూలు పడవ గాలి ఎక్కువైతే ఒరిగి, తెరచాప తగ్గించమని తానే చెబుతుంది. కాటమరాన్ ఒరగదు. ఆ బరువంతా తెరచాపను మోసే కొయ్య (మాస్ట్) మీదా, దాన్ని పట్టి ఉంచే తీగల మీదా పడుతుంది. అందుకే గాలివేగం మీటరు చూసి, తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం రీఫ్ చేయాలి. కొనేముందు నీళ్లలో నడిపి చూసే ట్రయల్‌లో బ్రోకర్ మనిషిని పక్కన కూర్చోబెట్టి ఆ పని మీరే చేయండి. చుక్కాని ఎన్నిసార్లు వదలాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. రీఫ్ తాడు నాలుగైదు కప్పీలు తిరిగి వస్తుంది కాబట్టి రాపిడికి బిగుసుకుంటుంది. కొయ్య మీది పట్టాలో ఉప్పు పేరుకుంటే పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టినా తెరచాప సగంలో ఆగిపోతుంది. ఇది చిన్న జబ్బే. మంచినీళ్లతో కడిగి పొడి లూబ్రికెంట్ కొడితే చాలాసార్లు నయమవుతుంది. అయినా దిగకపోతే కప్పీలు మార్చాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

తర్వాత బరువు. జనరేటరు, సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే వాటర్‌మేకరు, రెండో ఫ్రిజ్ చేరిన కొద్దీ పడవ కిందికి దిగుతుంది. రెండు హల్స్ మధ్య అడుగుభాగాన్ని అలలు దబదబా బాదడం మొదలవుతుంది. సామాను ఎక్కించకముందే నీటిగీత మునిగి ఉంటే, మీ సామానుకు చోటు లేదన్నమాట.

గది తలుపులన్నీ ఒకసారి మూసి తెరవండి. పట్టేస్తుంటే లోపలి అడ్డగోడలు కదిలి ఉండొచ్చు. గోడ హల్‌ను కలిసేచోట టార్చి వేసి పగుళ్లు వెతకండి. డెక్ మీద రెయిలింగ్ స్తంభాల చుట్టూ ప్లాస్టిక్ సుత్తితో తట్టండి. టకటకమనాల్సింది మొద్దుగా మోగితే లోపలి బాల్సా చెక్క నానినట్టే. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో చాలా కాటమరాన్‌లను తలకిందులు చేసింది. అప్పట్లో అక్కడున్న పడవైతే మరమ్మతు బిల్లులు అడగండి. ఒక హల్ రంగు రెండోదానికంటే కొత్తగా ఉంటే మరీ గట్టిగా అడగండి.

సెయిల్‌డ్రైవ్ (ఇంజన్ శక్తిని పడవ అడుగుగుండా ప్రొపెల్లర్‌కు చేర్చే భాగం) చుట్టూ నీళ్లు రాకుండా ఆపే రబ్బరు డయాఫ్రమ్‌ను ఇంజన్ల కంపెనీ వోల్వో ఏడేళ్లకోసారి మార్చమంటుంది. రెండు ఇంజన్లు, రెండు డయాఫ్రమ్‌లు. మార్చాలంటే పడవ ఒడ్డెక్కాలి. సెయిల్‌డ్రైవ్ నూనె పాలలా తెల్లబడి ఉంటే సీల్ దాటి నీళ్లు చేరాయి. కొయ్య తీగలకు పదేళ్లు దాటితే చాలా బీమా కంపెనీలు మార్చమంటాయి. తేదీ ఉన్న రసీదు చూడకుండా నమ్మొద్దు. ఒడ్డెక్కించిన మర్నాడు కూడా చుక్కాని అంచుల్లోంచి నీరు కారుతుంటే అది లోపలికి తాగేసింది.

ట్రయల్‌కు కనీసం 12 నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) గాలైనా ఉండాలి. గాలి లేని రోజు చూసి రమ్మంటే వాయిదా వేయండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం