వార్షిక నివేదిక: మన పల్లెల్లో పసిపిల్లల ఎదుగుదల

సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు, కల్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఐదేళ్లలోపు పిల్లలను ఏడాదికొకసారి తూచి వదిలేయకుండా, అదే పిల్లలను నెలనెలా తూచి, మూడు నెలలకోసారి ఎత్తు కొలిచాము. ఇంతకుముందు మనం కార్తీకంలో మాత్రమే తూచేవాళ్లం. శెనక్కాయ పంట ఇంటికి చేరే రోజులు కాబట్టి పిల్లలు ఒక మాదిరిగా కనిపించేవారు. తల్లులు కలుపుతీతకు పోయి, ఇంట్లో గింజలు అడుగంటి, విరేచనాలు, జ్వరాలు తిరిగే శ్రావణంలో అదే బిడ్డ ఎంత చిక్కిపోతున్నదీ మన రిజిస్టరులోకి ఎక్కేదే కాదు.

పోయిన బరువు తిరిగి వస్తుంది, ఆగిన ఎత్తు అంత సులువుగా రాదు. బిడ్డ మొదటి ఏడాదిలో సుమారు 25, రెండో ఏడాదిలో సుమారు 12 సెంటీమీటర్లు పెరగాలి. తల్లిపాలు మాత్రమే సరిపోని ఆరు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్లు నిండేలోపు పడిన లోటు చాలావరకు గిడసబారడంగా మిగులుతుంది. ఒక పాప ఎదుగుదల కార్డులో ఏడో నెల దాకా పైకి సాగిన బరువు గీత, తల్లి కూలికి పోతూ అవ్వ దగ్గర వదిలినప్పటి నుంచి అడ్డంగా పడుకుంది. పళ్లు రాని బిడ్డకు పప్పు అరగదని అవ్వ చారన్నం మాత్రమే పిసికి పెట్టేది. పసిబిడ్డ కోసం అంగన్‌వాడీ నుంచి ఇంటికి వచ్చిన బాలామృతం పోషక పిండి ప్యాకెట్టును పెద్దపిల్లలూ పంచుకునేవారు. మెత్తని సంకటిలో పప్పు, చెంచాడు నూనె, ఉడికిన గుడ్డు కలిపి పెట్టడం మొదలయ్యాక దీపావళి నాటికి బరువు గీత లేచింది, ఎత్తు గీత మాత్రం కిందనే ఉంది. ఇందులో అవ్వను తప్పుపట్టలేము, మన శిక్షణలన్నిటికీ తల్లులనే పిలిచాము గదా.

రాష్ట్రం లెక్కలూ ఇదే తీరుగా ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2015-16 నుంచి 2019-21కి ఆంధ్రప్రదేశ్‌లో వయసుకు తగ్గ బరువు లేని ఐదేళ్లలోపు పిల్లలు 31.9 శాతం నుంచి 29.6కు తగ్గగా, వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 31.4 నుంచి 31.2 దగ్గరే నిలిచిపోయారు. పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 63.2 శాతానికి పెరిగింది.

మన పనిలో రెండు లోపాలు దొర్లాయి. రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి కొలవాలి. ఒక ఊరిలో మనవాళ్లు నిలబెట్టి కొలిచారు. అలా కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది కాబట్టి ఆ ఊరి ఎత్తులను లెక్కలోంచి తీసివేశాము. రెండవది ఇంకా పెద్దది. పంట అయ్యాక బెంగళూరుకు వలస పోయిన కుటుంబాల పిల్లలు రిజిస్టరులో మధ్యలోనే ఆగిపోయారు. సాధారణంగా ఇల్లు గడవనివారే వలస పోతారు కనుక, మిగిలినవారిని చూసి ఊరు మెరుగుపడిందని రాయడం సరికాదని కార్యవర్గం భావించి, అలాంటి వాక్యం ఈ నివేదికలో చేర్చలేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాము.

వచ్చే ఏడాది శిక్షణకు అవ్వలను, తాతలను కూడా పిలుస్తాము. వలస నుంచి తిరిగివచ్చిన పిల్లలను వారంలోపు తూచే బాధ్యతను ఊరికొక సభ్యుడు తీసుకోవాలని, ఎత్తు కొలిచే చెక్కబల్లలు తగినన్ని లేనందున, చేయించి ఇవ్వగలవారు కార్యదర్శికి తెలియజేయాలని కోరుతున్నాము.