వార్షిక నివేదిక: ఈ ఏడాది మూర్ఛ గురించి మనం నేర్చుకున్నది

మన ఫిజియోథెరపిస్టుల సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఈసారి నివేదికలో చాలా భాగం ఒకే విషయం, ఎందుకంటే ఏడాదంతా దాని చుట్టూనే తిరిగాం. పేషెంట్‌కి మూర్ఛ ఉందని తెలియగానే మనలో చాలామంది ఏం చేస్తాం? కాలూ చేయీ కాస్త కదిలించి, కుర్చీలో కూర్చోబెట్టి పంపించేస్తాం. ట్రెడ్‌మిల్ వద్దు, బ్యాలెన్స్ వ్యాయామాలు వద్దు. మన దగ్గరుండగా ఫిట్ వస్తే ఎలా అన్న టెన్షన్. మొదటి సమావేశంలో ఇది ఒప్పుకుని చేయెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇదంతా ఒక సభ్యురాలు చెప్పిన సంగతితో మొదలైంది. పక్షవాతం తర్వాత నడక నేర్చుకుంటున్న ఒకాయనకు ప్యారలల్ బార్ల మధ్య ఫిట్ వచ్చింది. నడుము బెల్టు పట్టుకుని ఆమె మెల్లగా నేలకు దించింది, అంతవరకు బాగానే ఉంది. ఈలోగా ఒకరు స్పూన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, ఇంకొకరు కాళ్లు అదిమి పట్టారు, గడియారం మాత్రం ఎవరూ చూడలేదు. ఎంతసేపు వచ్చిందన్నదే తర్వాత డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న.

అందుకే శిక్షణలో ఉపన్యాసాలు తగ్గించి రిహార్సల్ పెంచాం. టైం చూడటం, స్టూళ్లూ డంబెల్సూ పక్కకు జరపడం, తల కింద మెత్తనిది పెట్టడం, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా అంబులెన్స్ పిలవడం. ఇవన్నీ మనకు నోటికి వచ్చు, చేతికే రాలేదు. మొదటిసారి అందరూ పేషెంట్ మీదికే పరిగెత్తారు, స్టూల్ ఉన్నచోటే ఉంది.

మన పనికి నేరుగా తగిలే సంగతులు న్యూరాలజీ క్లాసులో తెలిశాయి. మూర్ఛకు వాడే మందు ఫెనిటోయిన్ డోసు ఎక్కువైతే నడక తూలుతుంది. మనమేమో బ్యాలెన్స్ బాగోలేదని రాసుకుని వ్యాయామం పెంచుతాం, నిజానికి ముందు డాక్టర్‌కి కబురు వెళ్లాలి. ఇదీ, ఫినోబార్బిటోన్, కార్బమజెపిన్ లాంటివీ ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడొచ్చు, కాబట్టి మొబిలైజేషన్‌లో, అంటే కీళ్లను చేత్తో కదిలించేటప్పుడు, మన చేయి తేలిగ్గా పడాలి. ఫిట్ తర్వాత ఒక పక్క చేయీ కాలూ కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు దాటినా బలహీనంగా ఉండొచ్చు, ఆ రోజు చూసిన కండరాల బలాన్ని అసలు లెక్కగా రాయొద్దు. ఫిట్ తర్వాత భుజం బయటికి తిరగడం లేదంటే మాత్రం ఆగాలి, కీలు వెనక్కి తప్పి ఉండొచ్చు, ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. నేను ఒకసారి దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) అనుకుని రెండు వారాలు సాగదీశాను, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. ఫిట్స్ తగ్గడానికి మెడ నరానికి స్టిమ్యులేటర్ అనే పరికరం పెట్టించుకున్నవాళ్లకు షార్ట్‌వేవ్ డయాథెర్మీ (రేడియో తరంగాలతో లోపలికి వేడి పెట్టడం) అస్సలు పనికిరాదు.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన చికిత్స అందితే వాళ్లలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇలాంటివాళ్లకు వ్యాయామం మాన్పించడం దేనికి? వ్యాయామంలో వచ్చే ఆయాసం వేరు, కూర్చుని కావాలని గబగబా లోతుగా ఊపిరి తీయడం వేరు, రెండోదాంతో కొందరికి ఆబ్సెన్స్ ఫిట్స్, అంటే కొన్ని క్షణాలు తెలివి లేకుండా చూస్తూ ఉండిపోయేవి, వస్తాయి. కాబట్టి ఛాతీ ఫిజియోథెరపీలో లోతుగా ఊపిరి తీయించే ముందు ఆ సంగతి అడగాలి. నీళ్లలో వ్యాయామమైతే ఎవరో ఒకరు చేయందేంత దూరంలో ఉండి తీరాలి.

పేషెంట్లతో పెట్టిన సమావేశానికి మనవాళ్లు తక్కువే వచ్చారు, వచ్చినవాళ్లకు మాత్రం గట్టిగానే తగిలింది. తమను ఒక్క మాట అడగకుండా వ్యాయామాలు ఎందుకు సగానికి కోశారని వాళ్లు నిలదీశారు. వచ్చే ఏడాది ఆ సమావేశం సెలవు రోజున పెడతాం. జమాఖర్చులు విడిగా పంపుతున్నాం, వాటిలో విశేషమేమీ లేదు.

అసెస్‌మెంట్ ఫారం మారింది. ఇదివరకు "ఇతర జబ్బులు" అన్న గడిలో ఇరికించిన మూర్ఛకు ఇప్పుడు సొంత పేజీ ఉంది: చివరి ఫిట్ ఎప్పుడు, ముందుగా ఏమైనా తెలుస్తుందా, మామూలుగా ఎంతసేపు ఉంటుంది, ఇవాళ మాత్ర వేసుకున్నారా, రాత్రి నిద్ర పట్టిందా. పాత ఫారాలు మిగిలుంటే వెనక్కి ఇచ్చేయండి.