స్కీలు కొనే ముందు డెమో జత తొక్కి చూడండి

సంపాదకులకు నమస్కారం.

కొలరాడోలో ఉంటూ చలికాలంలో వెయిల్, బ్రెకెన్‌రిడ్జ్ కొండలకు వెళ్లే తెలుగువారికి ఈ మాట. సేల్‌లో తగ్గింపు చూసి, మంచుపై జారే స్కీలు కొనేయకండి. రిసార్టు దుకాణాల్లో మామూలు అద్దె జతలే కాక, కొనే ముందు వాడి చూసేందుకు అద్దెకిచ్చే 'డెమో' జతలూ ఉంటాయి, మోడల్ పేరు చెప్పి అడగాలి. అక్కడే కొంటే అద్దెను ధరలో తగ్గించే దుకాణాలు చాలా ఉన్నాయి. ముందే అడిగి తెలుసుకోండి.

బూట్లు మాత్రం సొంతవి ఉండాలి. వదులు బూటులో మడమ లేస్తుంటే ఎంత మంచి స్కీ అయినా మాట వినదు. బూటు సోల్ పొడవు మిల్లీమీటర్లలో మడమ దగ్గర అచ్చువేసి ఉంటుంది. దాంతోపాటు మీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం చూసి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగుతును సరిచేస్తారు. ఇక్కడ మొహమాటపడి 'బాగా వచ్చు' అనకండి. బిగుతు ఎక్కువైతే పడినప్పుడు బూటు విడివడదు, కాలికి పెద్ద దెబ్బే తగులుతుంది. జత మార్చిన ప్రతిసారీ బైండింగ్ బిగుతు అంకెలు మళ్లీ చూపించుకోండి.

స్కీలు తీసుకునేముందు గోటిని వాటి లోహపు అంచుకు అడ్డంగా గీయండి. సన్నటి పొడి రాలితే పదునుంది. మొద్దుబారిన అంచు గట్టి మంచుపై జారుతుంది, నేరం మోడల్ మీద పడుతుంది.

ఉదాహరణకు, బ్లిజార్డ్ బ్రహ్మా 88 అనే స్కీ మోడల్‌లో 88 అంటే నడుము (స్కీ మధ్యలోని సన్నటి భాగం) వెడల్పు, మిల్లీమీటర్లలో. చదును చేసిన వాలుకు ఆ వెడల్పు హాయి. మెత్తటి లోతు మంచుకు 100 దాటినవి నయం. పోలిక ఒకే వాలుపై, వెంటవెంటనే జరగాలి. మధ్యాహ్నానికి మంచు మెత్తబడితే పొద్దుటి అంచనా పనికిరాదు. రకరకాల బూట్లకు సరిపోయేలా పట్టాలపై ముందుకూ వెనక్కూ జరిగే డెమో బైండింగ్ కాస్త బరువని కూడా గుర్తుంచుకోండి.

- ఒక పాఠకుడు, డెన్వర్