తిన్నంకనే ఫోన్ చెయ్యి

చిన్నీకి,

మేము మంచిగనే ఉన్నం. నల్లగొండల మొన్న వాన దంచికొట్టింది, పెరట్ల మునగకొమ్మ ఇరిగింది. సద్దుల బతుకమ్మకు వస్తవో రావో చెప్పనే లేదు. నీ ఫోన్ రాక పదిహేను రోజులు.

సైదమ్మత్త మీ ఇంటికొచ్చిపోయింది గదా, నువ్వు సగమైనవట. అల్లుడు రెండు దినాలు మాట్లాడకపోతే ముద్ద ముట్టవట. ఆమె గోరంత చూస్తే కొండంత చెప్తది, నాకు తెల్వదా. అయినా అడుగుతున్న.

కిష్టయ్య బర్రె ఈనింది, దూడ. జున్ను నీకు లేకపాయె.

బత్తాయి తోట ఎండిన ఏడు నువ్వు నాలుగేండ్లదానివి. మూడు బోర్లేసినా చుక్క రాలే. మీ నాయిన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, పలుకు లేదు. ఆయన తినంది నేనెట్ల తింట అని చాయి నీళ్ళతోనే ఎల్లదీసిన. పెండ్లామంటే అట్లనే ఉండాలనుకున్న. ఎనిమిదోనాడు దవాఖాన డ్యూటీల ఒక ముసలాయన కాలుకు కట్టు కడుతుంటే కండ్లు తిరిగినయ్. డాక్టరమ్మ చూస్తే బీపీ 170/110. ఆ సాయంత్రం పులుసు కాసి, జొన్నరొట్టె ఆయన ముంగటనే కూసోని తిన్న. ఆయన పళ్ళెం మీద మూతపెట్టిన. బతిలాడలే, ఏడ్వలే. మంచం కోడు కాడనే కూసోని నీ జడ అల్లిన. ఇట్ల మూడు దినాలు. నాలుగోనాడు గోడ దిక్కు నుంచే, "పులుసుల ఉప్పెక్కువైంది" అన్నడు. ఎప్పుడు తిన్నడో!

ముప్పై ఏండ్లు కట్లు కట్టినదాన్ని, అందుకే ఇది యాదికుంది. 2005ల అమెరికాల ఒహాయోల 42 జంటల చేతుల మీద చిన్న బొబ్బలు లేపి చూసిన్రట. కొట్లాడుకున్నంక అవి ఆలస్యంగ మానినయట. ఎప్పుడూ కస్సుబుస్సుమనేటోళ్ళకైతే నెమ్మదిగ ఉండేటోళ్ళ లెక్కల 60 శాతం వేగమేనట. ఆ పరిశోధన చేసింది గూడ మొగుడు పెండ్లాలే. ఇంట్ల వాళ్ళెట్లుండేటోళ్ళో మరి!

ఆయన కోపం ఆయనది, నీ ఆకలి నీది. ఆయన మొహం చూసుకుంట పొద్దు గడపకు. పట్టనట్టు ఉండమంటలేను, పక్కన కూసో, అడుగు, ఊకో. శనివారం బ్యాడ్మింటన్ ఎందుకు బందు పెట్టినవ్? అమ్మ లెక్చర్ మొదలుపెట్టింది అంటవు, అను.

నిమ్మకాయ తొక్కు సైదులుతోని పంపిన. తడి చెంచా పెట్టకు. అల్లుడికి కారం పడదు, చిన్న సీస ఆయనది. మీ నాయిన పేపరు అడ్డం పెట్టుకొని ఈ ఉత్తరమే చూస్తున్నడు.

రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి. తినకముందు చేస్తే ఎత్తనే ఎత్త.

అమ్మ