వార్షిక నివేదిక 2024-25: మన పార్కు, సీతాకోకచిలుకలు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

రోడ్డు మరమ్మతులు, డ్రైనేజీ, దసరా ఉత్సవాల ఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇచ్చిన లెక్కల్లో ఉన్నాయి. వాటి సంగతి సభలో మాట్లాడుకుందాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు పార్కుకే ఇస్తున్నాను. ఈ ఏడాది సభ్యులు ఎక్కువ ప్రశ్నలు వేసిందీ, కొందరు అభ్యంతరం చెప్పిందీ దాని గురించే.

పార్కులో ఒక మూలను సీతాకోకచిలుకలకు వదలాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. మనది రాజమహేంద్రవరం, కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయి కాబట్టి పూలమొక్కలకు కొదవ లేదు. అయితే పూలలోని తేనె రెక్కలొచ్చిన సీతాకోకచిలుకకే ఆహారం. దాని పిల్ల, అంటే గొంగళిపురుగు, తినేది ఆకు. అదీ ఏదో ఒక ఆకు కాదు. తల్లి ఆకు మీద వాలి, కాళ్లతోనే రుచి చూసి, తన పిల్ల తినే మొక్కేనని తేలాక గుడ్డు పెడుతుంది. ఆ మొక్క లేనిచోట ఎన్ని పూలున్నా తేనె తాగి వెళ్లిపోతుంది. అందుకే నిధుల్లో ఎక్కువ భాగం నిమ్మ, కరివేపాకు, రేల, తంగేడు మొక్కలకే పెట్టాం.

ప్రహరీ వెంట జిల్లేడు ఎందుకు ఉంచారని కొందరు అడిగారు. నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. జిల్లేడు పాలలోని విషం ఆ పురుగును ఏమీ చేయదు. పైగా పురుగు దాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాకా అది పోదు. ఒకసారి తిని కక్కుకున్న పక్షి మళ్లీ ఆ రంగు జోలికి రాదు. రథసప్తమికి మనవాళ్లు ఆకులు కోసుకున్నదీ ఆ పొదల్లోనే.

గాడిదగడపాకు అనే నేల మీద పాకే మొక్కను కూడా పీకించలేదు. నలుపు, ఎరుపు కలిసిన క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ చిలుకల పిల్లలకు ఆ జాతి మొక్కలే ఆధారం. ఆ ఆకుల వల్ల అవీ పక్షులకు చేదే. మన కరివేపాకు మీద పెరిగే కామన్ మార్మన్ చిలుకకు ఆ చేదు లేదు. కానీ వాటి ఆడచిలుకల్లో చాలా వాటికి అచ్చం ఈ రెండింటి పోలికే ఉంటుంది, పక్షులు మోసపోయి వదిలేస్తాయి. పిల్లలకు ఇది చూపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాల్సింది!

ఇక అభ్యంతరాల సంగతి. కరివేపాకు మొక్కలను పురుగు దోచేస్తోందని, మందు కొట్టించమని కొన్ని ఇళ్ల నుంచి ఒత్తిడి వచ్చింది. ఆ ఇబ్బంది నిజమే. మొదట్లో పిట్టరెట్టలా కనిపించి, తర్వాత ఆకుపచ్చగా మారే ఆ పురుగు రెండు మూడు వారాలు ఆకు తిని, కదలకుండా ఉండే ప్యూపాగా మారుతుంది. గుడ్డు నుంచి చిలుక దాకా, వాతావరణాన్ని బట్టి, నెల రోజులు అటూ ఇటూ. కాస్త ఎదిగిన మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఇంటి మొక్క మీద పురుగు కనబడితే చంపకుండా ఆ రెమ్మతో సహా తెచ్చి పార్కులోని కరివేపాకు మీద వదలమని కోరాం. చాలామంది అలాగే చేశారు, వారికి కృతజ్ఞతలు. దురద భయం కూడా వద్దు. దురద పుట్టించేవి మునగచెట్టుకు గుంపులుగా పట్టే బొచ్చు పురుగులు, అవి సీతాకోకచిలుకలవి కావు, ఎక్కువగా రాత్రిపూట ఎగిరే మాత్ జాతివి.

పురుగుమందు ఆపడం వల్ల లాభం చిలుకలకే కాదు. పిచ్చుకలు, గోరింకలు పిల్లలకు పెట్టేది పురుగులనే. తేనెటీగలంత కాకపోయినా, సీతాకోకచిలుకలు కూడా పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోస్తాయి.

కుళాయి దగ్గర కొంత మట్టిని తడిగా ఉంచుతున్నాం. ఆ తేమలోని లవణాల కోసం మగచిలుకలు గుంపుగా వాలతాయి. నీరు నిలవనివ్వడం లేదు కాబట్టి దోమల టెన్షన్ అక్కర్లేదు. దేశమంతా సెప్టెంబరులో సీతాకోకచిలుకలను చూసి లెక్క రాసే బిగ్ బటర్‌ఫ్లై మంత్ సందర్భంగా మన పిల్లలు చూసిన చిలుకల జాబితా రాసి ఆఫీసు గోడకు అంటించారు. తప్పక చూడండి.

తోటపని కాంట్రాక్టు త్వరలో ముగుస్తోంది. పార్కులో పురుగుమందు కొట్టరాదన్న షరతును కొత్త ఒప్పందంలో రాయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఖాళీ ప్లాట్లలో జిల్లేడు, గాడిదగడపాకు తీయించే ముందు సంఘానికి ఒక మాట చెప్పాలన్నది రెండో ప్రతిపాదన. రెంటి మీదా సభలో ఓటింగ్ ఉంటుంది, అందరూ హాజరు కాగలరు.

ఇట్లు,
కార్యదర్శి, కాలనీ సంక్షేమ సంఘం